పెరటి నిమ్మచెట్టు తెగుళ్లు: గుర్తించుట, కాపాడుకొనుట

పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదని మనవారు చెప్పుదురు. ఆ సామెత మనుష్యుల వైద్యమును గూర్చినది. చెట్ల వైద్యము సంగతి వచ్చునప్పటికి దానిని త్రిప్పి చెప్పవలసియున్నది: పెరటిచెట్టుకు వైద్యము చేయువారే లేరు. తోటలో నూరు నిమ్మచెట్లు గల రైతు ఆకు ముడిచిన మరునాడే సంఘమునకు వచ్చి మందడుగును. ఆయన యింటి వెనుకనున్న ఒంటి నిమ్మచెట్టు మూడేండ్లపాటు క్షీణించి చచ్చును. చచ్చిన పిమ్మట దిష్టి తగిలినదందురు.

గూడూరు, తెనాలి, ఏలూరు విపణులకు బండ్లకొలది పోవు నిమ్మకాయలను గూర్చి మేమీ పత్రికలో లోగడ వ్రాసియున్నాము. ఈ మాసమున పెరటిచెట్టును గూర్చి మాత్రమే వ్రాయుచున్నాము. ఇట్లు వ్రాయుటకు ఒక కారణము కలదు. అది మాకు గౌరవము దెచ్చునది కాదు, అయినను చెప్పెదము.

మన సంఘసభ్యులలో నొకరి యింట ఆయన తల్లి పెంచిన నిమ్మచెట్టొకటి యుండెను. గింజవేసి మొలిపించిన చెట్టు. ఏటేట వేసవిలో కాయలను సోడాకొట్టువానికి అమ్మి, ఆ సొమ్ముతో ఆమె మనుమల పుస్తకములు కొనుచుండెడిది. ఆకులపై మచ్చలు కలవని ఆమె కబురంపగా మేము పోయి చూచితిమి. ఆకులు త్రిప్పి చూచితిమి; గజ్జి తెగులని నిశ్చయించితిమి; మందు చెప్పితిమి; మజ్జిగ త్రాగి వచ్చితిమి. గజ్జి యుండుట నిజమే. కాని ఆ చెట్టును చంపుచున్నది గజ్జి కాదు. చెట్టు చుట్టును ఇటుకలతో అరుగు కట్టి, కూర్చుండుటకు వీలుగా మట్టి నింపి యుండిరి. అంట్లు తోమిన నీరు కాలువగా వచ్చి ఆ అరుగు మొదట నిలుచుచుండెను. మేము వంగి చూడలేదు. భాద్రపదములో తూర్పు వైపు కొమ్మలు పసుపెక్కినవి, కార్తికమునకు చెట్టంతయు ఎండినది. ఇటుకలు తీయించి మట్టి తొలగించి చూడగా, మొదలు చుట్టును బెరడు నానిన అట్టవలె నల్లబడి, పుల్లని వాసన కొట్టుచు, వ్రేలితో నొక్కిన ఊడివచ్చుచుండెను.

"బాబూ, ఆకులకు మందు చెప్పితిరి, చల్లించితిని. మొదటి సంగతి ఎవరును చెప్పలేదు గదా" అని ఆ పెద్దామె మాతో ననెను. ఆ మాటకు మాయొద్ద బదులు లేకపోయెను.

అప్పటినుండి మేము చెట్టును క్రిందినుండి పైకి చూచు అలవాటు చేసికొంటిమి. సభ్యులకును అదియే చెప్పుచున్నాము. నిమ్మ, నారింజ, బత్తాయి, దబ్బ ఏదియైనను ముందు మొదలు, తరువాత మాను, ఆపిమ్మట కొమ్మలు, కడపట ఆకు. ఆకు కంటి యెదుట నుండును గావున అందరమును ఆకునే ముందు చూతుము. కాని ఆకు పసుపెక్కుట యనునది జ్వరము వంటిది. జ్వరము అనేక కారణములచే వచ్చును.

మొదటి తెగులు: బంక కారుట

మొదలు చూచుటకు చేయవలసినది యిది. మానును ఆనుకొనియున్న మట్టిని, చెత్తను, ఇటుకలను తొలగించి, పెద్దవేళ్లు మానునుండి చీలుచోటు కనబడువరకు చేతితోనో చిన్న తొలికతోనో త్రవ్వుడు. వేళ్లకు గాయము చేయకుడు. బెరడుపై తేనెరంగు బంక బొట్లు కట్టియున్నవా, బెరడు నిలువున పగిలియున్నదా, ముదురు రంగు తడిమచ్చలున్నవా చూడుడు. వానకాలమున ఒక మోసము కలదు: నిమ్మబంక నీటిలో కరగును. నాలుగు జల్లులు పడినచో బంక కొట్టుకొనిపోయి మాను శుభ్రముగా కనబడును. కావున కంటిని నమ్మక, అనుమానమున్నచోట చాకుమొనతో బెరడును కొంచెము గీకుడు. లోపల లేతరంగుతో తడిగానున్న బెరడు బ్రతికినది. గోధుమవర్ణముగానున్నది కుళ్లినది.

ఈ తెగులునకు కారణము ఫైటాఫ్తొరా యను శిలీంధ్రమువంటి సూక్ష్మజీవి. ఇది నేలలో నుండును. దాని బీజములు నీటిలో ఈదగలవు. అందుచేత మొదట నీరు నిలిచియున్నంతసేపును మనము దానికి బాట వేసినట్లే. బెరడు చుట్టును కుళ్లినచో ఆకులో తయారగు ఆహారము వేళ్లకు దిగదు. వేళ్లు ఆకలితో చచ్చును, పిదప చెట్టు చచ్చును. ఒక ప్రక్కనే కుళ్లినచో ఆ ప్రక్క కొమ్మల ఆకులే ముందు కాంతి తప్పును. ఆకు నడియీనె పసుపుగా మారి, ఆకులు రాలును. కొన్ని చెట్లు చచ్చుటకు ముందు విరగబూయును. అది చూచి యింటివారు సంతోషింతురు గాని, చెట్టు తన కడపటి సంతానమును విడుచుట యది.

మన పెరళ్లలో ఈ తెగులును పిలిచి తెచ్చునది మన ప్రేమయే. చెట్టు మొదటనే నీరు పోయవలెనను నమ్మకము చాలమందిలో నున్నది. నీరు త్రాగు సన్నని వేళ్లు మొదట నుండవు. కొమ్మల నీడ యెంతవరకు పడునో అంతవరకు వ్యాపించియుండును. కావున మొదటి చుట్టును మట్టిని కొంచెము మిట్టగా సర్ది, అది తడియకుండునట్లు ఒక చిన్న గట్టు వేయుడు. పెరిగిన చెట్టునకైనచో ఆ గట్టు మానుకు రెండడుగుల దూరముననుండి, దాని వెలుపల కొమ్మల అంచువరకు నీటిపాదు ఉండవలెను. ఆ మిట్ట మానుపైకి ఎగబాకరాదు. ముఖ్యముగా అంటుకట్టిన బత్తాయి, నారింజలలో అంటు అతుకు నేలకు జానెడెత్తున ఎప్పుడును గాలి తగులుచుండవలెను. పేడ, ఆకుచెత్త, వంటయింటి బూడిద మొదటికి చేర్చి కుప్పవేయుట పెరటిలో సాధారణము. అవియు దూరముగా పాదులోనే వేయవలెను.

బెరడు సగముకంటె తక్కువ చుట్టు చెడినచో చెట్టును బ్రతికించుకొనవచ్చును. వానలేని దినమున పదునైన శుభ్రమగు చాకుతో కుళ్లిన బెరడంతయు తీసివేయుడు. చుట్టును వ్రేలెడు వెడల్పున మంచి బెరడునుగూడ తీయుడు. తీసిన ముక్కలను అక్కడనే విడువక ఏరి కాల్చుడు. గాయము ఒకపూట ఆరిన పిదప బోర్డోముద్ద పూయుడు. దానిని చేయు విధము క్రింద చెప్పెదము. అంతకుమించి చెడినచో మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన పొడిమందును నీటిలో కలిపి పాదు తడియునట్లు పోయుదురు. మోతాదు పొట్లముపై నున్నంతయే, ఎక్కువ కాదు. చుట్టంతయు కుళ్లిన చెట్టుకు ఏ మందును లేదు. దానిని వేళ్లతోకూడ పెల్లగించి, ఆ గోతిలో వెంటనే మరల నిమ్మజాతి మొక్క నాటకుండుట మేలు.

గజ్జి తెగులు

ఇక ఆకు సంగతి. నిమ్మచెట్టున్న ప్రతి పెరటిలోను గజ్జి ఎంతో కొంత యుండుననుట అతిశయోక్తి కాదు. ఆకుపై మొదట సూదిమొనంత నూనెబొట్టు వంటి మచ్చ కనబడి, క్రమముగా గోధుమరంగు తేలి, ఆకు రెండు ముఖములను పొక్కువలె ఉబ్బును. వెలుతురునకు పట్టి చూచిన మచ్చ చుట్టును పసుపుపచ్చని వలయము కనబడును. లేతకొమ్మలపైనను కాయలపైనను బెండువలె గరుకైన పొక్కులు లేచి నడుమ పగులును. కాయమీద ఆ పసుపు వలయము సాధారణముగా నుండదు. కొందరు పొలుసు పురుగును గజ్జియని భ్రమింతురు. గోటితో గీరినచో పొలుసు ఊడివచ్చును, గజ్జి ఊడదు.

దీనికి కారణము జాంథోమోనాస్ అను సూక్ష్మక్రిమి. ఇది బూజు కాదు. వానజల్లు గాలితో కలిసి కొట్టునప్పుడు ఒక మచ్చనుండి మరియొక లేత ఆకునకు పోవును. ముదిరిన ఆకులోనికి తనంతట దూరలేదు. ముల్లు గుచ్చుకొన్నచోటను, ఆకులో తెల్లని వంకరదారులు చేయు చిన్నపురుగు తొలిచినచోటను సులభముగా చొరబడును. అందుచేత ఆ పురుగును అదుపులో నుంచుటయు గజ్జివైద్యములో భాగమే. చివురు పుట్టగానే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బునీరు కలిపి చల్లుడు.

గజ్జి మనదేశమునకు క్రొత్తది కాదు. ఇంగ్లండు దేశమందలి క్యూ వనమున భద్రపరచిన 1827-1831 నాటి మాదీఫలపు ఆకులపై గజ్జిమచ్చలున్నట్లు 1933లో పండితులు ప్రకటించిరి. ఆ ఆకులు మన దేశమునుండి పోయినవే. అమెరికాలోని ఫ్లారిడాలో ఈ తెగులు 1995లో మయామి నగరమునొద్ద మరల కనబడినప్పుడు పెరటిచెట్లపై యుద్ధమే ప్రకటించిరి. 2000 నుండి, గజ్జి పట్టిన చెట్టుకు 1,900 అడుగుల లోపల నున్న నిమ్మజాతి చెట్లన్నిటిని, మంచివానిని సహితము, నరికించిరి. గృహస్థులు కోర్టులకెక్కిరి. 2004, 2005 సంవత్సరముల తుపానులు తెగులును రాష్ట్రమంతట వెదజల్లగా, 2006 జనవరిలో ఆ ప్రయత్నమును విరమించుకొనిరి. గాలివానను ఎదిరించి గొడ్డలి నిలువలేదు. మన పెరటిలోనుండి గజ్జిని నిర్మూలింపవలెనని పూనుకొనిన సభ్యులకు ఈ సంగతి తెలియుట మంచిది. మనము చేయగలిగినది దానిని తగ్గించి కాయను కాపాడుకొనుట.

అందు మొదటిపని కత్తిరింపు. రాలిన ఆకులలో ఈ క్రిమి ఎక్కువకాలము బ్రతుకదు. చెట్టుననే యున్న కొమ్మల పొక్కులలో నెలలకొలది, కొన్నిచోట్ల సంవత్సరములకొలది నిలిచి, తొలకరి జల్లు కొరకు కాచుకొనియుండును. కావున వేసవి చివర వానలకు ముందు గజ్జికొమ్మలను పొక్కులకు దిగువన మంచిచోట కత్తిరించి కాల్చవలెను. వానకాలము నడుమ కత్తిరించినచో తెగులును మనమే పంచిపెట్టినట్లగును. తడిసిన చెట్టులో చేయిపెట్టకుడు. కాయలు కోయుటయైనను మంచు ఆరిన పిదపనే.

రెండవది మందు. ఇక్కడ మేము తరచుగా వినుమాట "మందు చల్లితిమి, మచ్చలు పోలేదు" అనునది. మచ్చ పోదు. రాగి కలిసిన మందు ఆకుపై కాపలాదారువంటిది. రాబోవు క్రిమిని ఆపును. లోనికి దూరినదానిని వెడలగొట్టలేదు. కావున ఆకులు మచ్చలెక్కిన తరువాత చల్లి లాభము లేదు. చివుళ్లు వచ్చుచున్నప్పుడు, అవి ముదురకముందు చల్లవలెను. పిందె కట్టినది మొదలు సుమారు మూడు నెలలవరకు కాయకును గజ్జి అంటు ప్రమాదము ఎక్కువ. ఆ దినములలో వానలున్నచో పదునైదు, ఇరువది దినములకొకసారి చల్లవలెను. అంగడిలో దొరకు కాపర్ ఆక్సీక్లోరైడు లీటరు నీటికి 3 గ్రాములు చాలును. మనుష్యుల రోగములకు వాడు క్రిమినాశక ఔషధములను కొందరు చెట్లపై చల్లుచున్నారు. అవి మన బిడ్డలకు జబ్బు చేసినప్పుడు పనిచేయవలసినవి. వానిని చెట్లపై పోసి మొద్దుబార్చుకొనుట మాకు సమ్మతము కాదు.

మరియొక మాట. గజ్జికాయ చూచుటకు బాగుండదు, విపణిలో ధర పలుకదు; కాని మచ్చ తోలువరకే యున్న కాయ రసమునకు లోపము లేదు. పెరటికాయ పచ్చడికి, పానకమునకు వాడుకొనువారు ఆ మచ్చలకు భయపడి చెట్టును నరుకవలదు.

బోర్డో మందు, బోర్డో ముద్ద

ఫ్రాన్సు దేశమున బోర్డో నగర ప్రాంతమందలి ద్రాక్షతోటలవారు, బాటసారులు పండ్లు దొంగిలింపకుండుటకై బాటప్రక్క తీగలపై మైలతుత్తము, సున్నము కలిపి చల్లెడివారు. ఆ తీగలకు మాత్రము బూజుతెగులు రాలేదని మిలార్డే అను వృక్షశాస్త్రజ్ఞుడు 1882లో గమనించి 1885లో ప్రకటించెను. దొంగలకై చేసిన మందు ఇట్లు తెగుళ్ల మందైనది. ఒక్క చెట్టునకు ఇంటిలోనే చేసికొనవచ్చును.

నూరు గ్రాముల మైలతుత్తమును పలుచని గుడ్డలో మూటకట్టి, అయిదు లీటర్ల నీటిలో వ్రేలాడదీసి రాత్రియంతయు కరగనిండు. మరియొక పాత్రలో నీరు తగులని క్రొత్త సున్నము నూరు గ్రాములు కొంచెము నీటితో విరియించి, అయిదు లీటర్లకు పెంచి, వడగట్టుడు. పిదప తుత్తపునీటిని సున్నపునీటిలో సన్నగా పోయుచు కఱ్ఱతో కలియబెట్టుడు. పాత్రలు మట్టివో ప్లాస్టిక్కువో కావలెను. ఇనుము, రాగి, ఇత్తడి పనికిరావు. మందులో మెరుగుపెట్టిన ఇనుపచాకును నిమిషము ముంచి తీయగా చాకుపై ఎఱ్ఱని రాగి పూత పట్టినచో సున్నము చాలలేదని తెలిసికొని మరికొంత సున్నపునీరు కలుపుడు; లేనిచో ఆకులు మాడును. ఆనాడు చేసినది ఆనాడే వాడవలెను. ముద్దకైనచో అదే నూరు గ్రాముల తుత్తము, నూరు గ్రాముల సున్నము మొత్తము ఒక్క లీటరు నీటిలో కలిపి కుంచెతో పూయుడు. మిగిలినదానిని బావియొద్ద గాని పశువుల తొట్టియొద్ద గాని పారబోయకుడు. పిల్లలను, కోళ్లను ఆ పూట పెరటిలోనికి రానీయకుడు.

మిగిలిన లక్షణములు

కొమ్మలు చివరనుండి క్రిందికి ఎండుట ఒక తెగులు కాదు, అనేక బాధల ఫలితము. వేళ్లు చెడినను, ఆహారము చాలకున్నను, పాతకొమ్మలు బూజుపట్టినను ఇట్లే ఎండును. ఎండినచోటికి రెండంగుళములు దిగువన పచ్చికొమ్మలో కోసి, కోతకు ముద్ద పూయుడు. కాని మొదలు చూడక కొమ్మలు కోయుచుండినచో ఏటేట కోయుచునే యుండవలసివచ్చును.

క్రొత్త ఆకులు చిన్నవై, సన్ననై, ఈనెలు పచ్చగానుండి నడుమ పసుపెక్కినచో అది జింకు లోపము. పది లీటర్ల నీటిలో 50 గ్రాముల జింకు సల్ఫేటు, 25 గ్రాముల సున్నము కలిపి వడగట్టి, క్రొత్త ఆకులపై చల్లిన తేరుకొనును. ఈ పసుపు ఆకు నడియీనెకు రెండు ప్రక్కల ఒకే తీరుగానుండును. రెండు ప్రక్కల రెండు తీరులుగా, అడ్డదిడ్డముగా మచ్చలు కమ్మి, జింకు చల్లినను మారనిచో గ్రీనింగు అను తెగులని అనుమానింపవలెను. దీనిని సిల్లా అను చిన్న ఎగిరిపడు పురుగు చెట్టునుండి చెట్టునకు మోయును. లేత నిమ్మాకును వెలుతురునకు పట్టిచూడగా ఈనెలు తునుకలు తునుకలుగా పారదర్శకముగా కనబడినచో అది త్రిస్తెజా అను వైరసు గుర్తు. పోర్చుగీసు భాషలో ఆ మాటకు దుఃఖమని యర్థము. దీనిని పేనుబంక మోయును. ఈ రెంటికిని మందు లేదు. మందు కలదని అమ్మవచ్చువారికి పైకము ఇయ్యకుడు. అట్టి చెట్టునుండి కొమ్మ తీసి అంటు కట్టుటయు తప్పు.

పక్షిరెట్టవలె కనబడుచు లేతాకులను కొరకు పురుగులు సీతాకోకచిలుక పిల్లలు. ఒక చెట్టునకు మందెందుకు? ఏరివేసిన చాలును.

క్రొత్త మొక్క వేయదలచినవారు దారిన పోవు బండివానియొద్ద కొనక, తెలిసిన నారుమడినుండి తెచ్చుకొనవలెను. గజ్జిని కొంత ఓర్చునది తిరుపతి పరిశోధనస్థానము వెలువరించిన బాలాజీ రకము. వెంకటగిరి ప్రాంతమందలి పెట్లూరు పరిశోధనస్థానమునుండి వచ్చిన పెట్లూరు సెలక్షన్-1 కూడ మన ప్రాంతములకు తగినది.

పైన చెప్పిన పెద్దామె యింట మరల నిమ్మమొక్క నాటించితిమి. పాతగోతిలో కాదు, దొడ్డి ఉత్తరపు మూల మిట్టనేలలో. అంట్లనీటి కాలువను అరటిచెట్లకు మళ్లించితిమి. అరుగు కట్టుట మానిపించుటకు మాత్రము మాకు మూడుమారులు పోవలసివచ్చెను.

చెట్టు జబ్బును గూర్చి సంఘ కార్యాలయమునకు వచ్చువారు ఆకొక్కటి తెచ్చిన చాలదు. లేత ఆకులు కొన్ని, ముదురు ఆకులు కొన్ని, ఎండుచున్న కొమ్మతుది ఒకటి, మొదటనుండి గీకిన బెరడుముక్క ఒకటి వేరువేరుగా కాగితములలో చుట్టి, సంచిలో మూతికట్టి తెండు. నీరు ఏదిక్కునుండి వచ్చి ఎక్కడ నిలుచునో కూడ చెప్పుడు. చూచిన పిదప ఆ ముక్కలను ఇక్కడనే కాల్చివేయుదుము. తొలకరి జల్లులకు ముందు మాను మొదటినుండి మూడడుగుల ఎత్తువరకు ముద్ద పూయవలెను గావున, ఈ నెలలోనే మొదళ్లు త్రవ్వి చూచుకొనుడు.